నౌరు: ఎరువు రాయి మార్చిన దీవి

1899లో సిడ్నీలోని పసిఫిక్ ఐలాండ్స్ కంపెనీ కార్యాలయంలో తలుపు మూసుకుపోకుండా ఒక రాయి అడ్డం పెట్టేవారు. నౌరు అనే దీవి నుంచి ఎవరో తెచ్చిన రాయి అది. ఏనాటిదో చెట్టు మొద్దు రాయిగా మారి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే యువ ఉద్యోగికి మాత్రం అనుమానం వచ్చింది. అలాంటి రాయిని అతను వేరే దీవిలో తవ్వించి ఉన్నాడు. ఒక ముక్క పగలగొట్టి పరీక్షించాడు. మేలురకం ఫాస్ఫేట్ అని తేలింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలు అప్పటికి ఆ ఎరువు కోసం మొహం వాచి ఉన్నాయి. ఆ పరీక్ష జరిగిన నాడు నౌరులో ఉన్నది వెయ్యీ పదిహేను వందల మంది జనం. తమ కాళ్ల కింద ఉన్నదాని ఖరీదు సిడ్నీలో తేలిపోయిందని వాళ్లకు కబురు కూడా లేదు.

నౌరు విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ లాంటివి నాలుగు పక్కపక్కన పరిస్తే ఈ దీవి అందులో మునిగిపోతుంది. భూమధ్యరేఖకు దక్షిణంగా అరవై కిలోమీటర్ల లోపే ఉంటుంది. దగ్గరి పొరుగు బనాబా దీవి 300 కిలోమీటర్ల దూరం. నది లేదు, సహజమైన రేవు లేదు. తీరం వెంట కొబ్బరిచెట్లతో సన్నని పచ్చని పట్టీ, దాని లోపల ‘టాప్‌సైడ్’ అని పిలిచే మెట్ట, నైరుతిలో బువాడా అనే చిన్న మడుగు, ఇంతే దేశం. జనంలో ఎక్కువమంది ఆ తీరపు పట్టీ మీదే ఉంటారు. ఫాస్ఫేట్ అంతా మెట్ట మీద ఉండేది. సముద్రపు పక్షుల రెట్ట వేల ఏళ్లపాటు పగడపు సున్నపురాయితో కలిసి ఆ నిక్షేపం ఏర్పడిందని సాధారణంగా చెబుతారు.

ఫాస్ఫేట్‌కు ముందు

నౌరు జనం పన్నెండు వంశాల వాళ్లు. దేశపు జెండా మీద ఉన్న నక్షత్రానికి పన్నెండు మొనలు అందుకే. వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. భూమి మాత్రం కుటుంబాల సొంతం, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వాటా ఉంటుంది. రాజు ఉమ్మడి ఆస్తిగా ఏలిన నేల కాదది. ప్రతి చెట్టుకూ, ప్రతి చెక్కకూ ఒక యజమాని ఉండేవాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. తర్వాత వచ్చిన రాయల్టీ డబ్బు ఎవరి చేతికి వెళ్లిందో, ఇవాళ ఒక ఇల్లు కట్టాలంటే ఎందుకంత తంటా పడాలో దీంతోనే అర్థమవుతుంది.

తిండి ప్రధానంగా కొబ్బరి, మొగలిజాతి చెట్టు పళ్లు, చేప. చేపల పెంపకంలో వాళ్లది అందెవేసిన చెయ్యి. కోనసీమ, కృష్ణా తీరాల వాళ్లు పాలబొంత అని పిలిచే చేప పిల్లలను పగడపు దిబ్బ మీద నిలిచిన నీళ్లలో పట్టేవారు. ఉప్పునీటి పిల్లలు మంచినీళ్లలో ఒక్కసారిగా బతకవు కాబట్టి, కొంచెం కొంచెంగా ఆ నీటికి అలవాటు చేసి బువాడా మడుగులో వదిలేవారు. మడుగు కుటుంబాల వారీగా గోడలతో, కంచెలతో పంచుకుని ఉండేది. పండగకో విందుకో అందులోంచి చేపలు తీసేవారు. 1960ల్లో దీవికి తిలాపియా చేపను తెచ్చారు. అది మడుగంతా నిండిపోయి పాలబొంతల పెంపకాన్ని పాడుచేసింది. గనితో సంబంధం లేకుండానే పోయిన ఒక పని అది.

1798లో జాన్ ఫెర్న్ అనే ఆంగ్ల నావికుడు దీవిని చూసి ‘ప్లెజెంట్ ఐలాండ్’ అని పేరు పెట్టి వెళ్లిపోయాడు. 1830లో నార్ఫోక్ దీవి జైలు నుంచి పారిపోయిన ఇద్దరు ఖైదీలు ఇక్కడ తేలారు. వాళ్లలో జాన్ జోన్స్ అనేవాడు దీవికి నియంతలా వ్యవహరించి, చివరికి జనం చేతనే వెళ్లగొట్టించుకున్నాడు. తిమింగలాల వేట ఓడలు మంచినీళ్లకు, తిండికి ఆగేవి, బదులుగా తుపాకులు, సారా దింపేవి. 1878లో ఒక పెళ్లి విందులో మాటామాటా పెరిగి పిస్తోలు పేలింది, ఒక యువ నాయకుడు చనిపోయాడు. పదేళ్ల అంతర్యుద్ధం నడిచింది. 1888లో జర్మన్ యుద్ధనౌక ‘ఎబర్’ వచ్చి నాయకులను బంధించి, ఆయుధాలు అప్పగించే దాకా వదలలేదు. ఏడు వందలకు పైగా తుపాకులు పోగయ్యాయి. అప్పటికి మిగిలిన జనం తొమ్మిది వందల చిల్లర. ఇంచుమించు మనిషికో తుపాకీ.

టన్నుకు అర పెన్నీ

ఎల్లిస్ పరీక్ష తర్వాత జర్మన్, బ్రిటిష్ కంపెనీలు బేరం కుదుర్చుకుని 1906, 07 ప్రాంతాల్లో తవ్వకం మొదలుపెట్టాయి. భూయజమానికి టన్నుకు అర పెన్నీ ఇచ్చారు. పొరుగున బనాబాలో ఎల్లిస్ స్వయంగా చేసుకున్న ఒప్పందం ఇంకా విచిత్రం. 999 ఏళ్లకు హక్కులు, ఏడాదికి 50 పౌండ్లు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియా సైన్యం జర్మనీ చేతిలో ఉన్న నౌరును పట్టుకుంది. యుద్ధం ముగిశాక బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి తవ్వకం కంపెనీని 35 లక్షల పౌండ్లకు కొని ‘బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్స్’ అనే సంస్థను పెట్టాయి. రాయిని 42, 42, 16 శాతాల చొప్పున పంచుకున్నాయి. నానాజాతి సమితి ఆ దీవిని ‘అభివృద్ధి చేయమని’ ఆ ముగ్గురికే అప్పగించింది. అమ్మేవాడూ కొనేవాడూ కాపలాదారూ ఒక్కరే అయ్యారు. ఫాస్ఫేట్‌ను ప్రపంచ మార్కెట్ ధరకు కాక, ఖర్చులు గిట్టుబాటయ్యే ధరకే తమ రైతులకు చేరవేశారు. ఆస్ట్రేలియా గోధుమ చేలకూ న్యూజిలాండ్ గడ్డిబీళ్లకూ నౌరు ఇచ్చిన సబ్సిడీ అది. ఇచ్చిన వాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

తవ్వకం పనికి నౌరు మనుషులు పెద్దగా వెళ్లలేదు. చైనా నుంచి, గిల్బర్ట్, ఎల్లిస్ దీవుల (ఇప్పటి కిరిబాటి, టువాలు) నుంచి ఒప్పంద కూలీలను తెచ్చారు. పగడపు రాతి స్తంభాల మధ్య ఇరుకు గుంటల్లో ఫాస్ఫేట్ ఉండేది. కూలీ గుంటలోకి దిగి పార, పలుగులతో తవ్వి, బుట్టకెత్తి పైకి చేర్చాలి. నిక్షేపం అయిపోయాక మిగిలేవి పది మీటర్ల దాకా నిలబడ్డ తెల్లటి రాతి మొనలే, పుట్టలు లేచిన బంజరులాగా. ఓడలు ఒడ్డుకు రాలేవు. దిబ్బ దాటగానే సముద్రం నిలువు లోతు. అందుకని 1930లో సముద్రం మీదికి చాచిన ఇనప చేతుల్లాంటి పెద్ద యంత్రం కట్టారు. బోయాలకు కట్టిన ఓడలోకి ఆ చెయ్యి నేరుగా ఫాస్ఫేట్ కుమ్మరించేది.

కూలీలు ఉండే చోటును ‘లొకేషన్’ అన్నారు. ఇంగ్లిష్ అధికారులకు ఒక వీధి, నౌరు వారికి ఊళ్లు, కూలీలకు బారకాసులు. కిరిబాటి, టువాలు కుటుంబాలు తరాల తరబడి అక్కడే ఉన్నా దీవిలో ఒక చదరపు గజం నేలకు హక్కుదారులు కాలేదు. నౌరు చరిత్రను నౌరు మనుషుల కష్టంగానే చెప్పడం రివాజు. ఈ కూలీల లెక్క అందులో చేరదు.

కల్లు, పసిపిల్లలు

1920 నాటి ఇన్‌ఫ్లుయెంజా నౌరు జనాభాలో ఐదో వంతుకు దగ్గరగా తుడిచిపెట్టింది. వెనకే కుష్ఠు వ్యాపించింది. అదే కాలంలో జరిగిన ఒక సంగతి తాటికల్లు, ఈతకల్లు తెలిసిన తెలుగువారికి ఇట్టే అర్థమవుతుంది. నౌరులో కొబ్బరి కల్లు గీస్తారు. పూతగెలను కట్టి, కొన చెక్కి, కారిన తీపి నీరును పొద్దునా సాయంత్రం దించుతారు. పులియకముందు అది పిల్లలకు, బాలింతలకు ఆహారం. కాచి పాకం చేసి దాచుకుంటారు కూడా. పులిసిన కల్లు తాగి జనం చెడిపోతున్నారని పాలకులు కల్లు గీతనే నిషేధించారు. కొద్ది నెలల్లోనే చంటిపిల్లలు చనిపోవడం విపరీతంగా పెరిగింది. అప్పటికే ఇళ్లలో కంపెనీ దుకాణం నుంచి వచ్చిన మరపట్టిన తెల్లబియ్యం, పిండి, పంచదార ముఖ్యమైన తిండి అయ్యాయి. వాటిలో బి1 విటమిన్ లేదు. ఉన్నది కల్లులోనే. తల్లిపాల ద్వారా బిడ్డకు అందాల్సింది అందక బెరిబెరి పట్టుకుంది. బ్రే అనే ప్రభుత్వ వైద్యుడు కారణం కనిపెట్టి కల్లును మళ్లీ తల్లులకు ఇప్పించాక మరణాలు తగ్గాయి. మంచి చేయబోయిన నిషేధం కల్లు కన్నా ఎక్కువ ప్రాణాలు తీసిందన్నమాట.

జాతి నిలబడాలంటే పదిహేను వందల మంది ఉండాలని అప్పటి పాలకుడు ఒక గీత గీశాడు. 1932 అక్టోబర్ 26న పుట్టిన ఒక ఆడబిడ్డతో ఆ సంఖ్య చేరింది. ‘అంగామ్’ పేరుతో ఆ రోజును ఇప్పటికీ జాతీయ పండగగా జరుపుకుంటారు. తలలు లెక్కపెట్టి పండగ చేసుకునే దేశాలు ప్రపంచంలో అరుదు.

పదేళ్లకే ఆ లెక్క మళ్లీ తప్పింది. 1942 ఆగస్టులో జపాన్ సైన్యం దీవిని ఆక్రమించింది. కుష్ఠు రోగులు 39 మందిని పడవ ఎక్కించి సముద్రంలో చంపేశారు. 1943లో 1,200 మంది నౌరు వారిని పదహారు వందల కిలోమీటర్ల దూరాన ట్రక్ దీవులకు బలవంతపు పనికి తరలించారు. ఆకలితో, రోగాలతో అక్కడ నాలుగు వందల అరవై మందికి పైగా పోయారు. 737 మంది 1946 జనవరి 31న తిరిగి దీవిలో కాలు పెట్టారు. ఇరవై రెండేళ్ల తర్వాత స్వాతంత్ర్యానికి ఎంచుకున్న తేదీ కూడా సరిగ్గా అదే, జనవరి 31.

వద్దన్న దీవి, కొనుక్కున్న గని

ఫాస్ఫేట్ ఒక రోజు అయిపోతుందని 1950ల నుంచే అందరికీ తెలుసు. ఆస్ట్రేలియా ఒక ఉపాయం చెప్పింది. నౌరును ఖాళీ చేసి జనమంతా క్వీన్స్‌లాండ్ తీరంలోని కర్టిస్ దీవికి రండి, ఆస్ట్రేలియా పౌరులు కండి అంది. పొరుగున బనాబా జనానికి అప్పటికే అలాంటిది జరిగింది. 1945లో వాళ్లను ఫిజీలోని రబి దీవికి చేర్చారు. నౌరు నాయకుడు హామర్ డిరోబర్ట్ ఒక్కటే అడిగాడు: అక్కడ మా ప్రభుత్వం మాదేనా? కాదన్నారు. 1964లో నౌరు ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. సుఖమైన బతుకును కాదని, తవ్వి పోసిన నేల మీదే ఉండిపోవడం ఆనాడు చాలామందికి మొండితనంగా తోచింది. ఇప్పుడు చూస్తే నౌరు తీసుకున్న అతి తెలివైన నిర్ణయం అదే. ఆ తర్వాత వాళ్లు ఏది అమ్మగలిగినా, సొంత దేశం ఉండబట్టే అమ్మగలిగారు.

1968లో నౌరు స్వతంత్ర గణతంత్రమైంది. డిరోబర్ట్ తొలి అధ్యక్షుడు. ఫాస్ఫేట్ పరిశ్రమను 2.1 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు కొనుక్కున్నారు. తమ నేల కింది రాయిని తామే డబ్బిచ్చి కొనుక్కోవడమిది. 1970 నుంచి గని మొత్తం నౌరు చేతికి వచ్చింది. ఏడాదికి ఇరవై లక్షల టన్నుల వరకూ తవ్వారు, ఇప్పుడు మార్కెట్ ధరకు అమ్మారు. రాబడిలో ప్రభుత్వానికి కొంత, భూయజమానులకు రాయల్టీగా కొంత, భవిష్యత్తు కోసం ట్రస్టు నిధికి కొంత. 1970ల్లో తలసరి ఆదాయంలో నౌరు ప్రపంచ అగ్రశ్రేణి దేశాల సరసన నిలిచింది.

పన్నులు లేవు. వైద్యం, చదువు ఉచితం. దీవిలో కుదరని వైద్యానికి మెల్‌బోర్న్‌కు విమానంలో పంపేవారు. పిల్లలు ఆస్ట్రేలియా బోర్డింగ్ స్కూళ్లకు వెళ్లేవారు. ప్రభుత్వ ఉద్యోగం అడిగిన వాడికల్లా ఉండేది, పని మాత్రం కిరిబాటి, టువాలు, చైనా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన వాళ్లు చేసేవారు. దీవి చుట్టూ ఉన్న రోడ్డు ఇరవై కిలోమీటర్లకు మించదు, ఇంటింటికీ కార్లు వచ్చాయి. పాడైన కారును బాగుచేయించే బదులు పక్కన పడేసి కొత్తది తెప్పించేవారు. బిడ్డ మొదటి పుట్టినరోజు విందు పెళ్లిని మించి జరిగేది, ఇప్పటికీ జరుగుతుంది.

దేశం డబ్బు బయట ఇంకా పెద్దగా కనిపించింది. 1977లో మెల్‌బోర్న్ నడిబొడ్డున 52 అంతస్తుల ‘నౌరు హౌస్’ లేచింది. ఆ ఊరి వాళ్లు దాన్ని పక్షిరెట్ట మేడ అని వెక్కిరించేవారు. ఫిజీ, హవాయి, గువాం, న్యూజిలాండ్‌లలో హోటళ్లు, స్థలాలు కొన్నారు. ఎయిర్ నౌరు విమానాలన్నీ ఒకేసారి ఎగిరితే జనాభాలో పదో వంతును మోసుకుపోగలవని చెప్పుకునేవారు. చాలా ప్రయాణాల్లో సీట్లు ఖాళీయే. 1993లో లండన్‌లో లియొనార్డో డావిన్సీ మీద ఒక సంగీత నాటకానికి ప్రభుత్వ నిధి నుంచి పెట్టుబడి పెట్టారు. మొదటి ప్రదర్శనకు అధ్యక్షుడు పరివారంతో తరలివెళ్లాడు. నాటకం ఐదారు వారాలకే మూతపడింది. ప్రపంచ పత్రికలు నౌరు గురించి రాసినప్పుడల్లా ఈ నాటకం దగ్గరే ఆగిపోతాయి. నిధిని కరిగించినవి మాత్రం ఇంత వినోదంగా లేని విషయాలు: నష్టాల విమానాలు, అద్దెలు రాని భవనాలు, సలహాదారుల కమీషన్లు, లెక్కలు బయటపెట్టని ట్రస్టు, లోటు బడ్జెట్‌కు ఆ ట్రస్టునే తాకట్టు పెట్టి తెచ్చిన అప్పులు.

మన దేశంతో నౌరుకు ఉన్న బంధం కూడా ఆ కాలానిదే. 1981లో ఒడిశా తీరాన పారాదీప్ ఫాస్ఫేట్స్ సంస్థను భారత ప్రభుత్వం, నౌరు ప్రభుత్వం కలిసి పెట్టాయి. ముడిరాయి అమ్మే బదులు ఎరువు కర్మాగారంలో వాటా తీసుకోవాలన్న ఆలోచన అది. ఫిలిప్పీన్స్‌లోనూ అలాంటి వాటాయే తీసుకున్నారు. తమకు తెలిసిన సరుకు వెంటే డబ్బును పంపారు కాబట్టి, నౌరు పెట్టుబడుల్లో వ్యాపారబుద్ధి కనిపించేవి ఇవే. 1993లో నౌరు పారాదీప్ నుంచి తప్పుకుంది.

డబ్బు ముందుగా మార్చింది మనిషి ఒంటిని. చేపలు పట్టడం, కల్లు గీయడం, మెట్ట మీద పళ్లు ఏరుకోవడం తగ్గిపోయాయి. ఓడలో వచ్చిన తెల్లబియ్యం, డబ్బా మాంసం, కూల్‌డ్రింకులు, వేపుళ్లు రోజువారీ తిండి అయ్యాయి. మెట్ట నేల తవ్వకానికి పోవడంతో తోటలకు చోటూ లేదు. 1970ల మధ్యలో ఆస్ట్రేలియా వైద్యుడు పాల్ జిమ్మెట్ బృందం పరీక్షలు జరిపితే, పెద్దవాళ్లలో ఇంచుమించు మూడో వంతు మందికి మధుమేహం ఉందని తేలింది. అంతటి స్థాయి అప్పటికి లోకంలో ఎక్కడో తప్ప చూడలేదు. స్థూలకాయంలోనూ నౌరు నేటికీ ప్రపంచ జాబితాల పైభాగంలోనే ఉంటుంది. డబ్బు పోయాక కూడా ఆ రోగం పోలేదు. చవకగా దొరికే తిండి అదే కావడం ఒక కారణం.

కోర్టులో గెలుపు, బ్యాంకులో ఓటమి

తవ్వేసిన నేలను ఎవరు బాగుచేయాలి? స్వాతంత్ర్యానికి ముందే ఫాస్ఫేట్ భూముల్లో మూడో వంతు తవ్వేశారు. ఆ వంతు బాధ్యత అప్పటి పాలకులదేనని నౌరు వాదన. 1986లో శ్రీలంక న్యాయనిపుణుడు క్రిస్టఫర్ వీరమంత్రి అధ్యక్షతన విచారణ సంఘం వేసి, 1989లో ఆస్ట్రేలియా మీద హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. కేసు వినడానికి వీల్లేదన్న ఆస్ట్రేలియా అభ్యంతరాలను 1992లో న్యాయస్థానం చాలావరకు తోసిపుచ్చింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా రాజీకి వచ్చి 10.7 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అందులో దాదాపు సగం ఇరవై ఏళ్ల వాయిదాల మీద. అంత చిన్న దేశం పాత యజమానిని కోర్టుకు లాగి డబ్బు రాబట్టడం మామూలు విషయం కాదు. అయినా మెట్ట బాగుపడింది చాలా తక్కువ. రాతి మొనల నడుమ మట్టి నింపడం ఎంత ఖర్చో లెక్కలు వేస్తూ ఉండగానే ఖజానాకు ఆపద వచ్చింది.

1990ల చివరికి మేలురకం రాయి అయిపోయింది. వంద కోట్ల డాలర్లు దాటిన ట్రస్టు నిధి హరించుకుపోయింది. అప్పులు మిగిలాయి. 2004లో అప్పులవాళ్లు వచ్చి నౌరు హౌస్‌తో సహా ఆస్తులు అమ్మించారు. 2005 డిసెంబర్‌లో దేశానికి మిగిలిన ఒక్క బోయింగ్‌ను కూడా అప్పు కింద పట్టుకుపోయారు. బ్యాంక్ ఆఫ్ నౌరు దివాలా తీసింది. జనం దాచుకున్నది అందులోనే పోయింది. 2015లో ఒక ఆస్ట్రేలియా బ్యాంకు శాఖ తెరిచేదాకా దేశంలో బ్యాంకే లేదు. జీతాలు, కొనుగోళ్లు, అన్నీ నోట్ల కట్టల మీదే నడిచాయి.

నీటి సంగతి చూస్తే ఆ చితికిపోవడం ఎంత లోతుగా ఉండేదో తెలుస్తుంది. ఒకప్పుడు ఫాస్ఫేట్ కోసం వచ్చే ఖాళీ ఓడలు బరువు కోసం మంచినీళ్లు నింపుకుని వచ్చి దీవికి ఇచ్చేవి. రాయి పోయాక ఓడలు రావు. ఓడలు రాకపోతే నీళ్లు రావు. ఉప్పునీటిని మంచినీళ్లుగా మార్చే యంత్రానికి కరెంటు కావాలి, కరెంటుకు డీజిల్, డీజిల్‌కు డబ్బు. అప్పుడు జనం ఇంటి కప్పుల మీది వాననీరు పట్టుకున్నారు, చేపల వేటకు మళ్లారు. రాత్రిపూట మెట్టకు వెళ్లి, గూళ్లకు చేరే ‘నాడీ’ అనే నల్లటి పక్షుల అరుపును టేపులో వేసి వినిపించి, దగ్గరకొచ్చిన వాటిని పొడుగు కర్రల వలలతో పట్టి వండుకున్నారు. ఇది పాత వేటే. టేప్‌రికార్డర్ ఒక్కటే కొత్తది.

ఆ రోజుల్లోనే కూలీల కాలం కూడా ముగిసింది. జీతాలు బకాయిపడ్డ కిరిబాటి, టువాలు కార్మికుల్లో చాలామందిని 2006లో స్వదేశాలకు పంపేశారు. అదే ఏడాది రెండో పొర ఫాస్ఫేట్ తవ్వకం చిన్నగా మొదలైంది.

జెండాను అద్దెకిచ్చే బేరాలు

నేల అయిపోయాక దేశానికి మిగిలినది దేశం కావడమే. 1990ల్లో నౌరు చిరునామాతో నాలుగు వందల బ్యాంకులు రిజిస్టర్ అయ్యాయి. వాటికి గోడల్లేవు, గుమాస్తాల్లేరు. ఒక పోస్టుబాక్సు ఉంది. 1998 ఒక్క ఏడాదిలో రష్యా నుంచి 7,000 కోట్ల డాలర్లు నౌరు ఖాతాల మీదుగా వెళ్లాయని రష్యా కేంద్ర బ్యాంకు అధికారి ఒకరు ఆరోపించారు. 2000లో అంతర్జాతీయ నల్లధన నిఘా సంస్థ నౌరును నిషిద్ధ జాబితాలో పెట్టింది. బయటపడడానికి ఐదేళ్లు పట్టింది.

2001 ఆగస్టులో ‘టాంపా’ అనే నార్వే ఓడ నడిసముద్రంలో 433 మంది శరణార్థులను కాపాడింది. ఎక్కువమంది అఫ్ఘాన్లు. ఆస్ట్రేలియా వాళ్లను తన గడ్డ మీద దించనివ్వలేదు. రెండు వారాల్లోనే నౌరుతో ఒప్పందం కుదిరింది: 2 కోట్ల డాలర్ల సాయం, బదులుగా శరణార్థుల శిబిరం. ఆస్పత్రి బకాయిలు, డీజిల్ ఖర్చులు కూడా ఆ సాయంలో తీరాయి. 2008లో మూసి, 2012లో మళ్లీ తెరిచారు. 2013లో శిబిరంలో అల్లర్లు చెలరేగి భవనాలు తగలబడ్డాయి. ఇరాన్, అఫ్ఘానిస్తాన్ వాళ్లు, శ్రీలంక తమిళులు ఏళ్ల తరబడి అక్కడే చిక్కుకున్నారు. విలేకరుల వీసా రుసుమును 2014లో 200 డాలర్ల నుంచి 8,000 డాలర్లకు పెంచారు, దరఖాస్తు తిరస్కరించినా డబ్బు వెనక్కి రాదు. 2016లో బ్రిటిష్ పత్రిక ‘ది గార్డియన్’ శిబిరంలోని రెండు వేలకు పైగా ఘటనల నివేదికలను బయటపెట్టింది. పిల్లలు తమను తాము గాయపరచుకున్న ఉదంతాలు అందులో బోలెడు.

ఈ శిబిరం సమాజంలోకి మళ్లీ జీతాలు తెచ్చింది. కాపలా, వంట, డ్రైవింగ్, శుభ్రం చేసే పనుల్లో వందల మంది నౌరు యువత కుదిరింది. గని కాలంలో వేరే వాళ్లు చేసిన పనులు ఇప్పుడు వాళ్లే చేశారు. ఇళ్ల అద్దెలు పెరిగాయి, దుకాణాలు వెలిశాయి. పక్కనే ఏ దేశమూ లేని మనిషి ఉన్నాడు. వాడి కష్టం మీద తన ఇంటి కిస్తీ నడుస్తోందన్న ఎరుకతో బతకడం తేలిక కాదు. శరణార్థులతో స్నేహం చేసి పెళ్లిళ్లు చేసుకున్న వాళ్లూ ఉన్నారు, వాళ్లను తిట్టి కొట్టిన వాళ్లూ ఉన్నారు. 2025లో ఆస్ట్రేలియా మరో ఒప్పందం చేసుకుంది. తాను దేశంలో ఉంచలేక, స్వదేశానికి పంపలేక ఉన్న నేరచరితులను నౌరు తీసుకోవాలి. ముప్ఫై ఏళ్లలో 250 కోట్ల డాలర్ల దాకా చెల్లింపు. నేలను పాడుచేసినందుకు ఇచ్చిన 10.7 కోట్ల పక్కన ఈ అంకె పెట్టి చూడాలి.

ఐక్యరాజ్యసమితిలో నౌరుకు 1999 నుంచి సభ్యత్వం, అంటే ఒక ఓటు ఉంది. ఆ ఓటు చుట్టూ కూడా బేరాలు నడిచాయి. 2002లో తైవాన్‌ను వదిలి చైనాను గుర్తించింది, 2005లో తిరిగి తైవాన్ వైపు వచ్చింది, 2024 జనవరిలో తైవాన్ ఎన్నికలు ముగిసిన రెండో రోజే మళ్లీ చైనా వైపు మారింది. 2009లో అబ్‌ఖాజియా, దక్షిణ ఒసేషియాలను దేశాలుగా ఒప్పుకున్న నాలుగైదు ప్రభుత్వాల్లో ఒకటైంది. పెద్ద దేశాలు చేసే పనే ఇది, చిన్న దేశం చేస్తే ధర బయటికి కనిపిస్తుంది, అంతే తేడా.

రోజుకింత అని చేపల రేటు

ఈ బేరాలన్నిట్లోనూ ధర చెప్పింది అవతలివాడే. ఒక్క చోట మాత్రం నౌరు ధర తానే చెప్పింది. దీవి చిన్నదైనా దాని సముద్రం మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట. ఆ నీళ్లు ట్యూనా చేపలకు పుట్టిల్లు. విశాఖ జాలర్లు సూర అనే చేప కుటుంబమే ఇది. జపాన్, కొరియా, తైవాన్, అమెరికా ఓడలు వచ్చి ఒక్కో దీవితో విడివిడిగా బేరమాడి కారుచవకగా పట్టుకుపోయేవి. 1982లో నౌరు గడ్డ మీద ఇరుగుపొరుగు దేశాలు కూడబలుక్కుని ‘నౌరు ఒప్పందం’ చేసుకున్నాయి. కిరిబాటి, మార్షల్ దీవులు, మైక్రోనేషియా, పలావు, పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, టువాలు, నౌరు, ఇప్పుడు మొత్తం ఎనిమిది దేశాలు. 2007 నుంచి ఓడల లెక్క మానేసి రోజుల లెక్క పెట్టాయి. ఏడాదికి ఇన్ని వేట రోజులే అమ్ముతాం, ఓడ ఒక రోజు వల వేయాలంటే ఇంత కట్టాలి అన్నారు. 2015 నుంచి రోజుకు కనీస ధర 8,000 అమెరికా డాలర్లు. నౌరు బడ్జెట్‌లో ఇప్పుడు చేపల లైసెన్సులది పెద్ద వాటా. నౌరు పేరు చెబితే నాటకాలు, జైళ్లు గుర్తొచ్చే లోకానికి ఈ కథ తెలియదు, తెలియాల్సింది ఇదే.

సముద్రపు అడుగున మరో ఆశ ఉంది. మెక్సికోకు, హవాయికి నడుమ నాలుగైదు కిలోమీటర్ల లోతులో నికెల్, కోబాల్ట్, మాంగనీస్ ఉన్న గడ్డలు పరుచుకుని ఉన్నాయి. ఒక కెనడా కంపెనీకి నౌరు పూచీ ఇచ్చి అక్కడ తవ్వకానికి అడిగింది. 2021 జూన్‌లో సముద్రగర్భ తవ్వకాలను చూసే అంతర్జాతీయ సంస్థకు నోటీసు ఇచ్చి రెండేళ్లలో నిబంధనలు తేల్చమంది. తవ్వకం వల్ల దెబ్బతిన్న దేశమే మళ్లీ తవ్వుదామనడం పర్యావరణ సంఘాలకు మింగుడుపడలేదు. బతకడానికి వేరే దారి చూపించమని నౌరు మంత్రులు తిరిగి అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు.

ఇప్పుడు దీవి జనం సుమారు 12 వేలు. వాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ ఆ సన్నని తీరపు పట్టీ మీదే ఉన్నారు. విమానాశ్రయం రన్‌వే కూడా అందులోనే ఇరికించి ఉంది, విమానం దిగేటప్పుడు రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు. సముద్రమట్టం పెరుగుతోంది కాబట్టి జనాన్ని మెట్ట మీదికి, అంటే తవ్వి వదిలేసిన రాతి మొనల మీదికి మార్చాలని ప్రభుత్వం పథకం వేసింది. మొనలు చదును చేసి, ఇళ్లు, ఆస్పత్రి కట్టాలి, పొలాలు వేయాలి. అందుకు డబ్బు కూడగట్టడానికి 2025లో పౌరసత్వం అమ్మకానికి పెట్టింది. ఒక్కో దరఖాస్తుకు అప్పుడు పెట్టిన కనీస ధర 1,05,000 అమెరికా డాలర్లు. డబ్బు వచ్చినా ఇంకో మెట్టు ఉంది. మెట్ట మీది ప్రతి చెక్కకూ ఇప్పటికీ యజమానులున్నారు. తరాలు గడిచేకొద్దీ వాటాలు చీలి, ఒక్కో చెక్కకు పదులకొద్దీ పేర్లు పడ్డాయి. వాళ్ల సంతకాలు పడితేనే అక్కడ పునాది తవ్వగలరు.